గొడ్డలికి సులువు, రంపానికి బరువు

కర్నూలు నుంచి గుంటూరు వెళ్ళే రోడ్డు మీద నందికొట్కూరు దాటి ఆత్మకూరు వైపు సాగితే జూపాడు బంగ్లా వస్తుంది. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ఈ మండలంలోనిదే. ఇక్కడి పొలం గట్ల మీద వేప, నల్లతుమ్మ, చింత చెట్లు కనిపిస్తూ ఉంటాయి. వేసవి చివర ఈదురుగాలి వచ్చిందంటే, వాటిలో ముసలిచెట్టు ఏదో ఒకటి నేలకు ఒరగడం మామూలే.

అలా ఒక వేపచెట్టు ఒరిగింది. చెట్టు గలవారి అబ్బాయి మా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. కొత్తగా కట్టుకుంటున్న ఇంటికి ద్వారబంధాలు, తలుపులు ఈ మానుతోనే చేయించాలని వాళ్ళ తాత పట్టుదల. ఆ చెట్టు ఆయన తండ్రి నాటింది మరి. వానలు ముదిరితే మాను చేలోనే నానిపోతుంది. అందుకని కోతమిషను ఉన్న మనిషిని పిలిపించారు. కోతమిషను అంటే పెట్రోలుతో నడిచే గొలుసు రంపం. అది గిర్రున తిరుగుతూ కొమ్మల్ని వెన్నపూసలా కోసేసింది. బోదెను 8 అడుగుల దుంగలుగా అడ్డంగా నరకడానికి కోతకు ఒకటి రెండు నిమిషాలు పట్టింది.

తరువాత దారంతో గీత కొట్టి, ఒక దుంగను పలకలుగా నిలువునా కోయడం మొదలుపెట్టారు. అంతవరకూ హుషారుగా ఉన్న మిషను మూలగసాగింది. గంటసేపు తంటాలు పడినా రెండు అడుగులు దాటలేదు. పొగ కమ్మింది, ఇంజను ఆగిపోయింది. "ఇంతకు రెట్టింపు మిషను కొనుక్కుంటే తప్ప లాభం లేదన్నా!" అన్నాడు కోత మనిషి.

మరునాడు ఆ అబ్బాయి తరగతిలో అడిగిన ప్రశ్న ఇది: "సార్! కట్టెను గొడ్డలితో అడ్డంగా నరకడం కష్టం, నిలువునా చీల్చడం సులువు. మరి రంపానికి అడ్డం సులువై, నిలువు కష్టం ఎందుకయింది?"

మంచి ప్రశ్న! మీలో ఎంతమందికి తోచి ఉంటుంది? దీనికి జవాబు దొరికితే, పెద్ద మిషను కొనాలా వద్దా, కొంటే ఎంత పెద్దది కొనాలి అన్న తాతగారి చిక్కు కూడా విడిపోతుంది. రండి, చూద్దాం.

గొడ్డలి చీలుస్తుంది, రంపం తొలుస్తుంది

కొయ్య అనేది చెట్టులోని దారువు. వేళ్ళు పీల్చిన నీటిని ఆకులకు చేర్చే సన్నని గొట్టాలు, మానుకు బలాన్నిచ్చే తంతువులు అందులో ఉంటాయి. ఇవి దాదాపు అన్నీ మాను పొడుగునా, కింది నుంచి పైకి నిలిచి ఉంటాయి. వీటి గోడలు ముఖ్యంగా సెల్యులోజ్‌తో తయారవుతాయి. ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉండేటట్లు చేసే జిగురు వంటి పదార్థం లిగ్నిన్.

ఇంట్లో ఉన్న ఈనెల చీపురు తెచ్చుకోండి. గుప్పెడు ఈనెలు తీసి రెండు చోట్ల దారంతో బిగించి కట్టండి. ఇదే మన మాను! ఇప్పుడు కట్ట కొస నుంచి ఈనెల మధ్యకు ఒక స్కేలును జొనపండి. ఈనెలు పక్కకు తప్పుకుంటాయి, స్కేలు సులువుగా దిగుతుంది. ఒక్క ఈనె కూడా తెగలేదు, అవునా? గొడ్డలి చేసే పని ఇదే. అది ఆప్పులాగా దూరి తంతువులను విడదీస్తుంది. వాటి మధ్య జిగురును తెంపుతుంది కాని తంతువులను తెంపదు. అందుకే సులువు.

ఐతే, గొడ్డలితో చీల్చిన కట్టె మీద తలుపు పలక వస్తుందా? రాదు. చీలిక తంతువు పోయిన దారినే పోతుంది. తంతువు వంకర తిరిగితే చీలికా వంకర తిరుగుతుంది. కణుపు అడ్డం వస్తే ఆగిపోతుంది. మనకు కావలసినదేమో తిన్నని పలక. అందుకోసం తంతువుల ఇష్టానికి విడిచిపెట్టకుండా, గీత వెంబడి సన్నని సందు తొలుచుకుంటూ పోవాలి. ఆ సందులో ఉన్న కొయ్యంతా పొట్టుగా బయటికి రావాలి. రంపం చేసే పని ఇది.

ఇప్పుడు రంపపు పన్ను ఎక్కడ తగులుతుందో గమనించండి. దుంగను అడ్డంగా కోసేటప్పుడు పళ్ళు తంతువుల పక్క వైపున తగులుతాయి. పన్ను అంచు తంతువును రెండు చోట్ల తెంపితే చాలు. నడిమి ముక్క తంతువుల వెంట ఊడి పెళ్ళగా లేచి వస్తుంది. అంటే గొడ్డలికి కలిసివచ్చిన సులువు ఇక్కడ రంపానికి కొంత కలిసివస్తుంది. కాని పలక కోసేటప్పుడు రంపపు బద్దె దుంగకు అడ్డంగా ఉండి, దుంగ పొడుగునా ముందుకు జరుగుతుంది. అప్పుడు పళ్ళకు ఎదురయ్యేది తంతువుల కొసలు! మీ చీపురు కట్టను నిలబెట్టి పైనుంచి చూస్తే చుక్కల్లాగా కనిపించేవే ఈ కొసలు. ప్రతి పన్నూ వేలాది కొసలను పొర పొరగా చెక్కుకుంటూ పోవాలి. ఊడి వచ్చే పెళ్ళ ఉండదు, అంతా కోసి తీరవలసిందే.

నమ్మకం కుదరకపోతే పొట్టును చూడండి. అడ్డకోత పొట్టు పెళుసు పెళుసుగా రేకుల్లాగా ఉంటుంది. నిలువుకోత పొట్టు మెత్తని పిండిలా ఉంటుంది. రాయిని ముక్కలు చేయడం కన్నా పిండి చేయడం కష్టం గదా! కొయ్యకూ అంతే.

విస్తీర్ణం లెక్క

కష్టం ఒక్క తంతువులతోనే పోలేదు. కోయవలసిన ముఖం ఎంత ఉందో కూడా లెక్క వేద్దాం. తాతగారి దుంగ వ్యాసం 40 సెం.మీ. అనుకోండి. పొడుగు 8 అడుగులు, అంటే సుమారు 240 సెం.మీ.

అడ్డకోతలో తెగే ముఖం ఒక వృత్తం. దాని వైశాల్యం 22/7 × 20 × 20, సుమారు 1,257 చదరపు సెం.మీ.

దుంగ నడిమిగా నిలువుకోత వేస్తే తెగే ముఖం ఒక దీర్ఘచతురస్రం. దాని వైశాల్యం 40 × 240, అంటే 9,600 చదరపు సెం.మీ.

భాగించి చూడండి. ఒక్క నిలువుకోత దాదాపు ఏడున్నర అడ్డకోతలతో సమానం! పైగా అడ్డకోతలో దుంగ గుండ్రంగా ఉండబట్టి, రంపం మొదట కొద్దిగా, నడుమ ఎక్కువగా, చివర కొద్దిగా కోస్తుంది. మధ్యలో ఇంజనుకు ఊపిరి పీల్చుకునే వీలుంటుంది. నిలువుకోతలో మొదటి అంగుళం నుంచి చివరి అంగుళం దాకా బద్దె 40 సెం.మీ. మేర కొయ్యలో మునిగే ఉంటుంది. విరామం అన్నది లేదు.

పనీ, సామర్థ్యమూ

ఇక్కడ ఎనిమిదో తొమ్మిదో తరగతిలో చదివిన పాఠం గుర్తు చేసుకోవాలి. బలాన్ని అది కదిలించిన దూరంతో గుణిస్తే పని. ఆ పని ఎంత వేగంగా జరిగిందో చెప్పేది సామర్థ్యం. ఒక సెకనులో ఒక జౌలు పని జరిగితే ఒక వాటు. జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను గుర్రాలతో పోల్చి చెప్పడానికి అశ్వసామర్థ్యం అనే కొలత పెట్టాడు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు.

సామర్థ్యానికి ఇంకో సూత్రం కూడా ఉంది. బలాన్ని వేగంతో గుణించినా సామర్థ్యమే వస్తుంది. గొలుసు రంపానికి ఇది చక్కగా సరిపోతుంది.

మంచి రంపం మీద గొలుసు సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో తిరుగుతుంది. అంటే గంటకు 72 కిలోమీటర్లు, రోడ్డు మీద బస్సు వేగం అన్నమాట! ఎక్కువగా వాడే గొలుసులో ఒక పన్నుకూ తరువాతి పన్నుకూ మధ్య సుమారు 38 మిల్లీమీటర్ల ఎడం ఉంటుంది. 40 సెం.మీ. కొయ్యలో ఒకేసారి దాదాపు 10 పళ్ళు పనిచేస్తూ ఉంటాయి. నిలువుకోతలో ఒక్కొక్క పన్ను సరిగా కొరకడానికి 20 న్యూటన్ల బలం కావాలని అనుకుందాం. అప్పుడు మొత్తం బలం 200 న్యూటన్లు. దీన్ని వేగంతో గుణిస్తే 4,000 వాట్లు, అంటే 4 కిలోవాట్లు. దాదాపు ఐదున్నర గుర్రాలు!

మనిషి చాలాసేపు ఆగకుండా చేయగల పని సుమారు 75 వాట్లే. పూర్వం గొయ్యి తవ్వి, దాని మీద దుంగ పెట్టి, పైన ఒకరు, గోతిలో ఒకరు నిలబడి పెద్ద రంపంతో పలకలు కోసేవారు. ఇద్దరూ కలిసి 150 వాట్లు. 4 కిలోవాట్ల మిషను అటువంటి జతలు దాదాపు ఇరవై ఏడింటికి సమానం. అందుకే ఆ రోజుల్లో ఒక దుంగను పలకలు చేయడం దినాల తరబడి సాగే పని. గోతిలోని మనిషి నెత్తిన, కళ్ళలో పొట్టు రాలుతూనే ఉండేది.

చిన్న మిషను ఎందుకు మూలిగింది?

తాతగారి చేలో పనిచేసిన మిషను చిన్నది. దాని సామర్థ్యం సుమారు రెండున్నర కిలోవాట్లు. పైలెక్క ప్రకారం 2,500ను 20తో భాగిస్తే 125 న్యూటన్లు. పది పళ్ళకు పంచితే ఒక్కొక్క దానికి పన్నెండున్నర న్యూటన్లే.

"పోనీండి సార్, నెమ్మదిగా కోస్తుంది, అంతే గదా?" అంటారు మీరు. పూర్తిగా అంతే కాదు. పన్నుకు తగినంత బలం అందకపోతే అది కొయ్యలోకి దిగదు, పైపైన రాసుకుంటుంది. రాపిడి వల్ల వేడి పుడుతుంది. వేడికి పదును పోతుంది. పదును పోతే ఇంకా ఎక్కువ బలం కావాలి. మనిషి ఓపిక పట్టలేక మిషనును అదిమిపెడతాడు. గొలుసు వేగం పడిపోతుంది, ఇంజను ఆగుతుంది. ఇదొక విషవలయం.

మరో సంగతి. ఈ ఇంజన్లను చల్లబరచేది గాలి. అడ్డకోతలో అర నిమిషం కోసి, కాసేపు ఆగుతాము. ఇంజను చల్లబడుతుంది. నిలువుకోతలో నిమిషాల తరబడి పూర్తి వేగంతో నడవాలి. మెత్తని పొట్టు గాలి వడపోతను, ఇంజను రెక్కల సందులను పూడ్చేస్తుంది. ఇది రెండు స్ట్రోకుల ఇంజను కాబట్టి పెట్రోలులో కలిపిన నూనె తప్ప లోపలి భాగాలకు వేరే కందెన లేదు. ఆ పాళ్ళు తప్పితే పిస్టను పట్టేస్తుంది. రెండు అడుగులకే పొగ కమ్మిందంటే ఆశ్చర్యం ఏముంది?

పురుగు నేర్పిన పాఠం

ఐతే, సామర్థ్యం పెంచడం ఒక్కటేనా మార్గం? పన్ను తీరు మార్చి చూడలేమా? ఈ ఆలోచనకు ఒక చక్కని కథ ఉంది.

అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప పనివాడు ఉండేవాడు. ఆనాటి గొలుసు రంపాల పళ్ళు మామూలు చేతి రంపపు పళ్ళలాగే సూదిగా ఉండేవి. మాటిమాటికీ పదును పోయేది. 1946లో ఒకనాడు ఆయన ఒక మొద్దులో కొయ్యను తొలిచే పెంకుపురుగు డింభకాన్ని చూశాడు. అది తంతువులకు అడ్డంగానూ, నిలువుగానూ ఒకే తీరుగా కొరుక్కుంటూ పోతున్నది. దాని దవడలు కొక్కెంలా వంగి, ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కోస్తున్నాయి. కాక్స్ అదే ఆకారంలో ఉక్కు పళ్ళు చేసి గొలుసుకు తగిలించాడు. 1947 నుంచి ఆ గొలుసులు అమ్మకానికి వచ్చాయి. నేటి గొలుసుల్లో ఒక పన్ను ఎడమకు, మరొకటి కుడికి వంగి ఉండడం మీరు గమనించవచ్చు. ఆ పురుగు చలవే!

మామూలు గొలుసులో పన్ను పై అంచును సుమారు 30 డిగ్రీల ఏటవాలుగా పదును పెడతారు. ఇది కత్తిలా తంతువులను కోయడానికి తగినది. నిలువుకోత కోసం అమ్మే గొలుసులో ఈ ఏటవాలు సుమారు 10 డిగ్రీలే. అంచు దాదాపు తిన్నగా ఉండి, వడ్రంగి ఉలిలాగా తంతువుల కొసలను చెక్కుతుంది. పలక ముఖం నునుపుగా వస్తుంది. మన వడ్రంగి దగ్గర కూడా అడ్డకోతకు ఒక రంపం, నిలువుకోతకు ఒక రంపం వేరువేరుగా ఉండడం చూశారా? నిలువుకోత రంపం పళ్ళు చిన్న ఉలుల్లాగా ఉంటాయి. సూత్రం ఒక్కటే.

ఎడంగా పళ్ళు ఉన్న గొలుసులూ దొరుకుతాయి. వీటిలో ఒకేసారి కొయ్యలో ఉండే పళ్ళు తక్కువ కాబట్టి, ఉన్న సామర్థ్యంలోనే ఒక్కొక్క పన్నుకు ఎక్కువ బలం అందుతుంది. అన్నిటి కన్నా ముఖ్యం పదును. పదును అనేది డబ్బు పెట్టి కొననక్కరలేని సామర్థ్యం. టేకు కొయ్యలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, కొంత ఉంటుంది. అది కోసేటప్పుడు ఆకురాయితో మరింత తరచుగా పదును పెట్టుకోవాలి.

సి.సి. అంటే ఏమిటి?

అంగట్లో మిషన్లను "50 సి.సి., 70 సి.సి." అని చెబుతారు. సి.సి. అంటే ఘన సెంటీమీటరు. ఇంజను సిలిండరులో పిస్టను కదిలినప్పుడు ఖాళీ అయ్యే చోటు ఘనపరిమాణం ఇది. మీరే కట్టవచ్చు. సిలిండరు వ్యాసం 5.4 సెం.మీ., పిస్టను కదిలే దూరం 4 సెం.మీ. అయితే, 22/7 × 2.7 × 2.7 × 4, సుమారు 92 సి.సి. ఆ చోటు ఎంత పెద్దదైతే ఒక్కో విడతకు అంత ఎక్కువ గాలి, పెట్రోలు ఆవిరి పట్టి మండుతాయి. సామర్థ్యం ఆ మేరకు పెరుగుతుంది.

మంచి పనితనం గల మిషన్లలో సుమారుగా 50 సి.సి.కి రెండున్నర కిలోవాట్లు, 70 సి.సి.కి 4 కిలోవాట్లు, 90 సి.సి.కి 5 కిలోవాట్లు, 120 సి.సి.కి 6 కిలోవాట్లకు పైన సామర్థ్యం ఉంటుంది. పలకలు కోసేవాళ్ళు పాటించే లెక్క ఇంచుమించు ఇలా ఉంటుంది. ఒక అడుగు లోపు వ్యాసం గల దుంగలకు 50, 60 సి.సి. ఓర్పుతో సరిపోతుంది. ఒకటిన్నర అడుగుల దాకా 70 సి.సి. కావాలి. రెండు, రెండున్నర అడుగులకు 90 సి.సి. కావాలి. అంతకు మించిన మానులకు 120 సి.సి.

కొయ్య జాతిని బట్టి కూడా ఈ లెక్క మారుతుంది. టేకు సాంద్రత ఘనమీటరుకు సుమారు 650 కిలోలు. బండిచక్రాలకు, మడకలకు, గుంటకలకు వాడే నల్లతుమ్మ 800 కిలోల పైమాటే. మెట్ట అడవుల్లో పెరిగే నారేపి చేవ నీటి కన్నా బరువైనది, నీళ్ళలో వేస్తే మునిగిపోతుంది! సాంద్రత ఎక్కువంటే అంత చోటులోనే తెగవలసిన గోడలు ఎక్కువని అర్థం.

ఒక పొరపాటు మాత్రం చేయకూడదు. చిన్న మిషనుకు పొడుగు బద్దె తగిలించినంత మాత్రాన అది పెద్ద మిషను కాదు. బద్దె పొడుగైతే పళ్ళు పెరుగుతాయి, రాపిడి పెరుగుతుంది, గొలుసుకు నూనె అందదు. సామర్థ్యం మాత్రం ఉన్నదే.

పొట్టులో పోయే పలకలు

ఇంతవరకు చదివి, "సరే, 90 సి.సి. కొనేద్దాం" అనుకుంటున్నారా? కాస్త ఆగండి. ఇంకొక లెక్క మిగిలింది.

గొలుసు రంపం కోసే సందు వెడల్పు సుమారు 9 మిల్లీమీటర్లు. సామిల్లులో పెద్ద చక్రాల మీద తిరిగే పట్టీ రంపం ఉంటుంది గదా, దాని సందు సుమారు 2 మిల్లీమీటర్లే. 34 సెం.మీ. మందం గల దిమ్మెను 25 మిల్లీమీటర్ల పలకలుగా కోయాలి అనుకోండి. గొలుసు రంపంతో పలకకూ సందుకూ కలిపి 34 మిల్లీమీటర్లు పోతాయి. పది పలకలు వస్తాయి. పట్టీ రంపంతో పలకకూ సందుకూ కలిపి 27 మిల్లీమీటర్లే. పన్నెండు పలకలు వస్తాయి. రెండు పలకలు ఊరికే మిగిలినట్లు! గొలుసు రంపం పెట్రోలు పోసి మరీ ఆ రెండు పలకలను పిండి చేస్తుంది. పూర్తి బరువు మీద నడిచే పెద్ద మిషను గంటకు రెండు మూడు లీటర్లు తాగుతుంది కూడా.

మరి గొలుసు రంపంతో పలకలు ఎవరు కోస్తారు? మానును కదిలించే వీలు లేనివాళ్ళు. కొండవాలులో, దారి లేని చోట, లారీ పోలేని చోట పడిన మానుకు అది తగిన సాధనం. మిల్లు దగ్గరికి మాను పోలేనప్పుడు, మాను దగ్గరికే మిల్లు వచ్చినట్లు.

కాబట్టి మొదట అడగవలసిన ప్రశ్న "ఎన్ని సి.సి. కావాలి?" కాదు. "ఈ దుంగ కదులుతుందా, కదలదా?" అన్నది మొదటి ప్రశ్న. "ఇలాంటివి ఎన్ని కోయాలి?" అన్నది రెండోది. ఆ తరువాతే సి.సి. మాట.

ప్రాణం ముందు, పలక తరువాత

ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను. ఈ మిషను మీరు ముట్టుకోవలసినది కాదు. సెకనుకు 20 మీటర్ల వేగంతో తిరిగే గొలుసు, బద్దె కొస పైభాగాన దేనికైనా తగిలితే, మిషను కనురెప్ప పడేలోపు ఎగిరి మనిషి ముఖం వైపు వస్తుంది. న్యూటన్ మూడో నియమం ఎవరినీ క్షమించదు. మిషను పెద్దదయ్యే కొద్దీ ఆ దెబ్బా పెద్దదవుతుంది. దుంగలో పాత మేకు, తీగ ఉంటే పన్ను విరిగి ఎగరవచ్చు.

చప్పుడు సంగతి చూడండి. 85 డెసిబెళ్ళ చప్పుడును రోజుకు 8 గంటలు భరించవచ్చని ఒక ప్రమాణం. ప్రతి 3 డెసిబెళ్ళ పెరుగుదలకూ ఆ సమయం సగం అవుతుంది. గొలుసు రంపం పక్కన 100 డెసిబెళ్ళ పైనే ఉంటుంది. 100 దగ్గర ఎంతసేపు ఉండవచ్చో కట్టండి. జవాబు 15 నిమిషాలు. పలక కోతలో పావుగంట ఎంతలో గడుస్తుంది! కోసేవాళ్ళు చెవులకు, కళ్ళకు రక్షణ, తలకు టోపీ, కాళ్ళకు మందపాటి బూట్లు లేకుండా పని మొదలుపెట్టకూడదు. చూసేవాళ్ళు దూరంగా నిలబడాలి. మీ ఇంట్లో ఈ పని చేసేవాళ్ళు ఉంటే ఈ నాలుగు మాటలూ వాళ్ళకు చదివి వినిపించండి.

ఇంకొకటి. చెట్టు మన గట్టు మీద ఉన్నా సరే, కొట్టేముందు అనుమతి కావాలా అని అటవీశాఖ వారిని అడిగి తెలుసుకోవాలి. 2002లో వచ్చిన వాల్టా చట్టం నీటితోపాటు చెట్లకూ రక్షణ కల్పించింది. మన తూర్పున ఉన్న నల్లమలలో నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం ఉంది. 1983లో దాన్ని పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. అక్కడి మాను మీద ఏ రంపమూ పడరాదు. నూరేళ్ళు పెరిగిన మానును మిషను కొద్ది నిమిషాల్లో పడగొడుతుంది. ఆ నూరేళ్ళను తిరిగి ఇవ్వగల సామర్థ్యం ఏ ఇంజనుకూ లేదు.

వేపమాను ఏమయింది?

తాతగారి దగ్గరికి మేము లెక్కలతో వెళ్ళాము. 40 సెం.మీ. దుంగ ఒక్కొక్కటి పచ్చిమీద సుమారు 300 కిలోలు. నలుగురు పట్టి ఏటవాలు బల్ల మీదుగా ట్రాక్టరు ట్రాలీలోకి దొర్లించవచ్చు. ఇవన్నీ నేరుగా దగ్గరి పట్టణంలోని సామిల్లుకు పోతాయి. చిక్కు మొదలు ముక్కతో వచ్చింది. దాని వ్యాసం 75 సెం.మీ., పొడుగు 8 అడుగులు. ఘనపరిమాణం కట్టిస్తే ఒక ఘనమీటరు దాటింది. అంటే బరువు ఒక టన్నుకు పైనే! ఆ తడిచేలో దాన్ని కదిలించడం కాని పని.

అందుకని కొత్త మిషను కొనలేదు. 90 సి.సి. మిషనును, పొడుగు బద్దెతో, నిలువుకోత గొలుసుతో, ఒక పూట బాడుగకు తెప్పించారు. ఆ మొదలును నడిమికి ఒక్కటే కోత కోశారు. నడుమ నడుమ ఆపి ఇంజను చల్లారనిచ్చి, గొలుసుకు పదును పెట్టి, మెల్లగా కోశారు. అర టన్ను చొప్పున రెండు బద్దలయ్యాయి. గొలుసు కప్పీ కట్టి వాటినీ ట్రాలీలోకి ఎక్కించారు. 9 మిల్లీమీటర్ల నష్టం ఒక్కసారితో సరి. మిగతా పలకలన్నీ మిల్లులో పట్టీ రంపం కోసింది. పొట్టును కూడా తాతగారు పోనీయలేదు, మూటకట్టి దిబ్బలో వేయించారు.

పలకలు ఇప్పుడు వాళ్ళ వసారాలో, నడుమ చిన్న చెక్కలు పెట్టి గాలి ఆడేటట్లు పేర్చి ఉన్నాయి. పచ్చికొయ్యతో తలుపు చేస్తే వంకర పోతుంది గదా. ఆరడానికి ఇంకా నెలలు పడుతుంది. ఆ అబ్బాయి మాత్రం ఒక పలక కొసను ఆకు కాగితంతో నున్నగా రుద్ది, అందులోని వలయాలు లెక్కపెట్టుకుంటున్నాడు. ముత్తాత నాటిన సంవత్సరం దొరుకుతుందేమోనని. మన వేడి దేశాల వేపలో వలయాలు స్పష్టంగా ఉండవురా అని చెప్పాను. ఐనా మానలేదు. మానకపోవడమే మంచిదనిపించింది.

మీరు చేయండి

1. వ్యాసం 60 సెం.మీ., పొడుగు 300 సెం.మీ. గల దుంగకు ఒక నడిమి నిలువుకోత ఎన్ని అడ్డకోతలతో సమానం?

2. పై దుంగలో ఒకేసారి ఎన్ని పళ్ళు కొయ్యలో ఉంటాయి? పన్నుకు 20 న్యూటన్ల బలం, గొలుసుకు సెకనుకు 20 మీటర్ల వేగం అనుకుని, కావలసిన సామర్థ్యాన్ని కిలోవాట్లలో కట్టండి. ఎన్ని సి.సి. మిషను కావాలో చెప్పండి.

3. మీ ఊరి వడ్రంగి దగ్గరికి వెళ్ళి, అడ్డకోత పొట్టు, నిలువుకోత పొట్టు చెరొక చిటికెడు అడిగి తెచ్చుకోండి. భూతద్దం కింద చూసి బొమ్మలు గీయండి. తంతువులు ఎందులో పొడుగ్గా కనిపించాయి? ఎందుకు?